అతిథికీ ఒక ధర్మం

ఇంటికొచ్చినవాణ్ణి దేవుడిలా చూసుకోవాలని మనకి చిన్నప్పటినించీ నూరిపోశారు. కాళ్ళకి నీళ్ళివ్వాలి, వేళకి వస్తే వడ్డించాలి, వేళ దాటి వస్తే మళ్ళీ పొయ్యి వెలిగించాలి. ఇదంతా ఇల్లాలి ధర్మం. బాగానే వుంది. మరి ఆ వచ్చినవాడి ధర్మం ఏమిటి? దాన్ని గురించి మనకెవరూ అంత గట్టిగా చెప్పినట్టు లేదు. దేవుడికి ధర్మాలు చెప్పేదేమిటని వూరుకున్నారు కాబోలు!

ఈ సందేహం నాకు వంటింట్లో రాలేదు. అమెరికాలో, ఎడారి మధ్య, ఒక జలపాతం పుణ్యమా అని వచ్చింది.

ఎడారిలో జలపాతమేమిటీ అంటారా? నేనూ అదే అన్నాను. 2019 మార్చిలో ఫీనిక్స్‌లో మా అమ్మాయి దగ్గర వున్నాను. "అమ్మా, శనివారం గ్రాండ్ ఫాల్స్‌కి వెళ్దాం. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఇంకొన్నాళ్ళు పోతే నీళ్ళుండవు" అంది. పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో సర్ది బయల్దేరాం. ఫ్లాగ్‌స్టాఫ్ దాకా 230 కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. ఫీనిక్స్‌లో ఫ్యాను కింద కూచున్నదాన్ని, 7,000 అడుగుల ఎత్తున ఆ వూళ్ళో శాలువా కప్పుకున్నాను. అక్కణ్ణించి ఈశాన్యంగా మరో 50 కిలోమీటర్లు. చివర్న మట్టిరోడ్డు, నా పులిహోర డబ్బా దారి పొడుగునా తాళం వేస్తూనే వుంది. అదంతా నవాహో అనే స్థానిక జాతివారి నేల.

ముందు చప్పుడు వినిపించింది, తరవాత నది కనిపించింది. లిటిల్ కొలరాడో దాని పేరు. 185 అడుగుల ఎత్తునించి మెట్లు మెట్లుగా దూకుతోంది. నయాగరా కంటే ఎత్తు. నీళ్ళు తెల్లగా లేవు సుమండీ! వండ్రుమట్టి కలిసి, మన గోదావరికి ఎర్రనీరు వచ్చినట్టున్నాయి. కొండల మీద మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ, మళ్ళీ వేసవి చివర వానలు పడ్డప్పుడూ ఈ సంబరం. మిగతా రోజుల్లో వట్టి బండరాళ్ళు.

దాని పుట్టుక ఇంకా బాగుంది. ఇంచుమించు 20,000 ఏళ్ళ కిందట దగ్గర్లో వున్న అగ్నిపర్వతం నించి లావా పారివచ్చి ఈ నది లోయని పూడ్చేసిందట. నది ఏం చేసింది? లావా అంచు పట్టుకుని చుట్టు తిరిగి, మళ్ళీ తన పాత లోయలోకే దూకింది. ఆ దూకుడే ఈ జలపాతం. అడ్డొచ్చినదాన్ని తోసెయ్యలేక, పక్కనించి తిరిగి తన దారికే వచ్చిందన్నమాట. మనలో చాలామందికి తెలిసిన విద్యే!

కడుపు నిండా చూశాను. అయితే పొదలకి తగులుకుని రెపరెపలాడుతున్న ప్లాస్టిక్ సంచుల్నీ, ఖాళీ సీసాల్నీ కూడా చూశాను. వచ్చేదారిలో వెనక పెద్ద నీళ్ళ తొట్టె పెట్టుకుని వెళ్తున్న వాహనాలు కనిపించాయి. నవాహో నేల మీద ఇంచుమించు మూడోవంతు ఇళ్ళకి కొళాయి లేదని మా అల్లుడు చెప్పాడు. అనంతపురంలో కాపరం చేసినదాన్ని. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి ఎదురుచూడటమంటే ఏమిటో నాకెవరూ చెప్పనక్కర్లేదు.

2023లో అక్కడి స్థానిక నవాహో పాలకవర్గం వారు ఆ జలపాతాన్ని బయటివాళ్ళకి మూసేశారు. ఆ మాట తెలిసి మా అమ్మాయి స్నేహితురాలు నొచ్చుకుంది. "ప్రకృతి అందరిదీ కదండీ ఆంటీ! నది ఒకరి సొత్తెలా అవుతుంది?" అంది.

మాట వినడానికి బాగానే వుంది. కానీ మన బొమ్మలకొలువు సంగతే తీసుకోండి. ఏడాదంతా పాతగుడ్డల్లో చుట్టి పెట్టెలో వుండే బొమ్మలు సంక్రాంతికి మెట్లెక్కుతాయి. పేరంటాళ్ళందరూ వచ్చి చూస్తారు. అంతమాత్రాన కొలువు వూరందరిదీ అయిపోతుందా? వచ్చినవాళ్ళ పిల్లలు బొమ్మల చేతులు విరుస్తుంటే, ఇల్లాలు తలుపు దగ్గరగా వేస్తుంది. తప్పంటామా?

"మరి జాగ్రత్తగా వుండేవాళ్ళక్కూడా శిక్షేనా?" అనొచ్చు. నిజమే, నష్టమే. కానీ పెళ్ళివారింట్లో వస్తువు పోయి సామాన్ల గదికి తాళం వేస్తే, మంచి చుట్టమెవరూ అలగరు. నన్ను అనుమానించారని కాదు, ఆ ఇల్లు వాళ్ళదని సరిపెట్టుకుంటారు.

నాకు ఇంకో సంగతి కూడా తోచింది. అదే 2023లో అమెరికా సుప్రీంకోర్టుకి నవాహోల నీళ్ళ తగవు వెళ్ళింది. 1868లో వాళ్ళతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, వాళ్ళకి నీళ్ళు సమకూర్చడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా పూనుకోవలసిన బాధ్యత లేదని తీర్పొచ్చింది. అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు. అంటే దాహమన్నవాళ్ళకి "అది మా బాధ్యత కాదు" అనే జవాబు. సరదాగా చూసి పోదామనుకున్న మనం మాత్రం అది మా హక్కంటున్నాం! దాహమని వచ్చినవాడికి నీళ్ళు లేవనడం తప్పని మనకి తెలుసు. చూడాలని వుందన్నవాడికి ఇవాళ వద్దనడం తప్పు కాదు. అవసరానికీ ముచ్చటకీ వున్న తేడా ఇంతే. దాన్ని మరిచిపోయినప్పుడే అతిథి కాస్తా అధికారి అవుతాడు.

అంచేత, నాకు తోచిన అతిథి ధర్మం చాలా చిన్నది. తలుపు తీసి వుంటే సంతోషంగా వెళ్ళాలి, వెళ్ళినచోట మన గుర్తు వదలకుండా రావాలి, తలుపు వేసి వుంటే తట్టకుండా వెనక్కి మళ్ళాలి. మంచు బాగా పడిన ఏడు ఆ నది ఎలాగూ దూకుతుంది. మనం చూడ్డంలేదని ఆగదు. వాళ్ళెప్పుడైనా రమ్మంటే అప్పుడే వెళ్దాం. కాళ్ళు కడుక్కుని మరీ లోపల అడుగు పెడదాం.