బతకలేకేనా బడిపంతులు?

మన పెద్దలు ప్రతి వృత్తికీ ఒక సామెత తగిలించి వదిలారు. కరణాన్ని, కంసాలిని, వైద్యుణ్ణి ఎవరినీ విడిచిపెట్టలేదు. (వైద్యుడి మీద ఉన్నవాటిని ఇక్కడ రాయను, అది నా స్వార్థం.) ఆ సామెతలు చాలావరకు మనిషి టక్కరితనాన్నో పేరాశనో ఎత్తిచూపేవే. బడిపంతులి దగ్గరకు వచ్చేసరికి మాత్రం సామెత గొంతు మార్చింది. బతకలేక బడిపంతులు అంది. ఆ పని మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు. ఇంకో దారి దొరికి ఉంటే ఆ మనిషి అక్కడ ఉండేవాడే కాడని తేల్చేసింది.

ఈ మాట పుట్టిన కాలానికి అందులో నిజం ఉండే ఉంటుంది. దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి కానుకలు తెచ్చుకోవడం వీధిబడి పంతులుగారి సంపాదనలో భాగమైన రోజులవి. ఇప్పటి లెక్క వేరు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 16,347 టీచరు ఉద్యోగాలకు డీఎస్సీ ప్రకటిస్తే మూడు లక్షలమందికి పైగా పోటీపడ్డారు. బతకలేనివాళ్ళు చేరే చోటికి అంత తోపులాట ఉండదు. మనముంటున్న ఒంటారియోలో అయితే ఎలిమెంటరీ స్కూలు టీచరు కావాలంటే ముందు డిగ్రీ, ఆపైన నాలుగు సెమిస్టర్ల బీఎడ్ (2015 నుంచి ఈ పద్ధతి), అందులో కనీసం 80 రోజులు తరగతి గదిలో శిక్షణ కావాలి. పది పన్నెండేళ్ళ సర్వీసు అయ్యేసరికి జీతం లక్ష డాలర్ల దరిదాపులకో, అంతకు పైకో చేరుతుంది. వాళ్ళ పెన్షన్ నిధి ఈ దేశంలోని పెద్ద నిధుల్లో ఒకటి. అయినా సామెత మాత్రం మనతోపాటు విమానమెక్కి వచ్చేసింది. ఆవకాయ సీసాను ఆపిన కస్టమ్స్ వాళ్ళు దీన్ని ఆపలేదు.

కాబట్టి ఆ చిన్నచూపు జీతం గురించి కాదనే నా అభిప్రాయం. జీతం దానికి దొరికిన సాకు మాత్రమే.

ఈ ఆలోచన నాకు ఊరికే రాలేదు. ఇక్కడ వాన్‌లో, మేపుల్ వైపు ఉండే ఒక కుటుంబంతో మాకు రాకపోకలున్నాయి. వాళ్ళ పెద్దమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. కెమిస్ట్రీలోనూ బయాలజీలోనూ చక్కటి మార్కులు. ఆ అమ్మాయి తాను చిన్న తరగతుల టీచరునవుతానని ఇంట్లో చెప్పింది. తండ్రి నాకు ఫోను చేసి, "డాక్టరుగారూ, మీరు చెబితే వింటుంది, కాస్త నచ్చజెప్పండి" అన్నారు. నచ్చజెప్పడానికి డాక్టరే ఎందుకు కావలసివచ్చాడో నేను అడగలేదు. ఆయన వాదన ఇది: "అది సొంతంగా ఆలోచించి చెబుతున్న మాట కాదండీ. మా అమ్మ ప్రభావం." నాయనమ్మగారు తెనాలి దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరైనారు. ఈ పిల్ల చిన్నప్పుడు సూపర్ వీసా మీద వచ్చి, శీతాకాలాలన్నీ ఇంట్లో కూర్చోబెట్టి మనుమరాలికి అఆలు దిద్దించారు. పిల్ల మనసులో అదంతా పడిపోయింది కనుక ఆ కోరిక దానిది కాదట.

నాకు అక్కడ ముల్లులా గుచ్చుకొన్నది ఆ "ప్రభావం" అనే మాట. అదే ఇంట్లో చిన్నవాడు తండ్రిలాగే కంప్యూటరు ఇంజనీరునవుతానంటున్నాడు. వాడిమీద ఎవరి ప్రభావం ఉందని ఎవరూ విచారించలేదు. డాక్టరు కొడుకు డాక్టరైతే "రక్తంలోనే ఉంది" అంటాం. లాయరు కూతురు లాయరైతే "తండ్రికి తగ్గ కూతురు" అంటాం. టీచరు మనుమరాలు టీచరునవుతానంటే మాత్రం పిల్ల పెంపకంలో ఎక్కడో తప్పు దొర్లినట్టు మూలాలు వెతుకుతాం. పైకి పోయే దారైతే ప్రతిభ, కిందికి దిగే దారైతే ప్రభావం. ఏది పైనో ఏది కిందో మనం ముందే నిర్ణయించుకొని, ఆ తరువాత పిల్ల స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నాం. ఇది న్యాయమైన తర్కం కాదు.

ఇంటి ప్రభావం అబద్ధమని నేననడం లేదు. నా వృత్తిలో రోజుకు ఇరవైసార్లు అడిగే ప్రశ్న అదే: మీ ఇంట్లో ఎవరికైనా సుగర్ ఉందా, బీపీ ఉందా అని. మన దక్షిణాసియా వాళ్ళకు సుగర్ ముప్పు ఎక్కువన్నది తెలిసిన సంగతే. అందులో రక్తంతో వచ్చేది కొంత, వంటింటితో వచ్చేది కొంత. ఏది ఎంతో ఒక రోగిని చూసి విడదీసి చెప్పలేం. వృత్తి సంగతీ అంతే. కాకపోతే, ఇంటినుంచి పిల్లలకు అసలు అందేదేమిటి అన్న విషయంలో మనం పొరబడుతున్నామని నాకు తోస్తుంది. టీచరు ఇంట్లో పిల్లలకు అందేది ఆశయం అనుకొంటాం. కాదు. అక్కడ అందేది ఆ పని వెనకవైపు.

షికాగో విశ్వవిద్యాలయంలో డాన్ లార్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో స్కూలు టీచర్ల మీద ఒక పుస్తకం రాశాడు. అమెరికాలో ఒక విద్యార్థి హైస్కూలు పూర్తిచేసేనాటికి 13,000 గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని ఆయన లెక్క. మరే వృత్తినీ మనం చిన్నతనంలో అంతసేపు దగ్గరగా చూడం. డాక్టరును జ్వరం వచ్చినప్పుడు పది నిమిషాలు చూస్తాం. టీచరును పన్నెండేళ్ళు చూస్తాం. అందుకే ఆ పని మనకు తెలుసనుకొంటాం. కానీ బెంచీమీద కూర్చున్నవాడికి కనిపించేది బల్లముందు జరిగేదే. రేపు ఏం చెప్పాలో, ఎందుకు అలా చెప్పాలో, నిన్న చెప్పింది ఎవరికి ఎక్కలేదో అని టీచరు పడే తర్జనభర్జన వాడికి కనిపించదు. సగం చూసి మొత్తం చూశామనుకోవడం వల్లనే ఆ పని తేలిక అన్న భావం పుట్టిందని నా నమ్మకం. చిన్నచూపుకు అసలు వేరు ఇక్కడ ఉంది.

ఆ మిగతా సగం చూడగలిగేది టీచరు ఇంటి పిల్లలు. మా అమ్మ మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. రాత్రి వంట సర్దుకొన్నాక చీపురు పుల్లలు తుంచి, పదేసి కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసేది. రెండంకెల కూడికలో పది చేరగానే ఒక కట్ట పక్కగదిలోకి పోతుందని పిల్లల చేతికి తెలియాలని. ఆ కట్టలు నేను కూడా కట్టాను. ఒక పిల్లవాడికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వారం రోజులైనా రాకపోతే, అన్నం తింటూ మధ్యలో ఆగి, "వాడికి సున్నా దగ్గర భయంరా, అప్పు దగ్గర కాదు" అనేది. రోగనిర్ణయం అంటే ఏమిటో మెడికల్ కాలేజీకి చాలా ముందే నేను అక్కడ విన్నాను. జనాభా లెక్కలకు, ఓటర్ల జాబితాలకు, పల్స్ పోలియోకు ఊరంతా తిరగడం కూడా ఆమె పనే. ఆ అలసటా చూశాను.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను టీచరును కాలేదు. అమ్మ కానివ్వలేదు. డాక్టరువి కావాలి అన్న మాట మా ఇంట్లో రోజూ వినిపించేది. ఆ పనిని ప్రేమించిన మనిషే దాన్ని కొడుక్కి వద్దనుకొంది. ఆమె మనసులోనూ ఆ సామెత కూర్చొని ఉంది కాబోలు. అయినా నేను క్లినిక్‌లో కూర్చొని, మాత్రలు ఎందుకు మానకూడదో ఒకే సంగతిని నాలుగు రకాలుగా, నాలుగోసారి కూడా విసుక్కోకుండా చెబుతున్నానంటే, ఆ విద్య ఏ ప్రొఫెసరూ నేర్పింది కాదు. ఇంటి ప్రభావం ఉద్యోగం పేరులోనే కనబడాలని లేదు.

ఇక ఎవరి ప్రభావమూ లేకుండా, అచ్చంగా బతకలేకనే బడిపంతులైన మనిషిని తీసుకొందాం. మన సంఘాలు తెలుగు భాషా దినోత్సవం జరిపే ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1875లో, పిల్లవాడికి పన్నెండేళ్ళ వయసులో, తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల పంచన చదువుకొని 1879లో మెట్రిక్ గట్టెక్కారు. పైచదువుకు తాహతు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఒకటో ఫారానికి చరిత్ర చెప్పే పంతులుగా, నెలకు 30 రూపాయల జీతంమీద చేరారు. సామెతకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కానీ ఆ మనిషి తరువాత చేసిన పనులు సామెత లెక్కకు అందవు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలని, సవర మాట్లాడే మనిషిని ఇంట్లోనే పెట్టుకొని పలుకు పలుకూ పట్టారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వ్యావహారిక భాషకోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. అది పండిత సభల్లో పుట్టిన వాదం అనుకొంటాం గానీ, నా ఊహ ఏమంటే, పిల్లవాడికి అర్థంకాని భాషలో పాఠం చెప్పవలసివచ్చిన పంతులు బాధలోంచి పుట్టింది. పొట్టకోసం లోపలికి వచ్చారు, తమ ఇష్టంతో నిలబడిపోయారు. ఆయన కుమారుడు సీతాపతిగారు కూడా సవర భాషాసేవలో తండ్రి వెంట నడిచారు. దాన్ని ఎవరూ "ప్రభావం" అని తప్పుపట్టలేదు సరికదా, పుత్రభాగ్యం అన్నారు.

దీనికి పూర్తి ఎదురుగా మరియా మాంటిస్సోరి కనిపిస్తుంది. ఆడపిల్ల కనుక టీచరు కావడం మేలని ఇంట్లో చెబితే, తాను ఏమైనా అవుతానుగానీ టీచరును మాత్రం కానని భీష్మించి 1896లో రోమ్‌లో డాక్టరు పట్టా పుచ్చుకొంది. పదకొండేళ్ళు తిరగకుండానే, 1907లో, ఆ నగరంలోని సాన్ లోరెంజో పేదవాడలో చిన్నపిల్లల బడి తెరిచింది. 1939లో మన మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం మూలంగా ఇండియాలోనే చిక్కుబడి, ఏళ్ళ తరబడి టీచర్లకు తరిఫీదు ఇచ్చింది. ఇక గుజరాత్‌లో గిజుభాయి బధేకా లాయరు. కుర్రతనంలో ఆఫ్రికా వెళ్ళివచ్చినవాడు, మన తరహా మనిషే. 1913లో కొడుకు పుట్టాక ఆ పిల్లవాణ్ణి ఎలా పెంచాలన్న ఆలోచనతో మొదలై, కోర్టు వదిలి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. అక్కడ ప్రభావం చూపింది తండ్రి కాదు, ఉయ్యాలలోని పిల్లవాడు.

ఒకరు గతిలేక, ఒకరు కాదని వెళ్ళి, ఒకరు పసివాణ్ణి చూసి అక్కడికే చేరారు. వాళ్ళలో ఎవరి నిర్ణయం సొంతమో, ఎవరిది కాదో, వచ్చిన దారిని బట్టి చెప్పగలమా? నాకైతే ఒక కోరిక ఎక్కడనుంచి వచ్చిందన్నది అంత ముఖ్యంగా తోచదు. ఎవరి కోరికైనా ఎక్కడో ఒకచోటనుంచి రావలసిందే. ఆకాశంనుంచి ఊడిపడిన కోరిక ఏ మనిషికీ లేదు. ఆ పనిలోని కష్టమైన భాగం ఆ మనిషికి తెలుసా, తెలిసీ కావాలంటున్నాడా అన్నది అడగవలసిన ప్రశ్న. ఈ లెక్కన చూస్తే, చిన్నప్పటినుంచీ డాక్టరువి కావాలని వింటూ, ఆసుపత్రి రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో తెలియకుండా ఎంట్రన్సులు రాసే మన పిల్లలదే సందేహించవలసిన స్వేచ్ఛ.

ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని దాటవేయలేను. టీచర్ల పిల్లలే టీచర్లైతే, ఇంట్లో పలక చూడని పిల్లల సంగతేమిటి? మా అమ్మ బడిలో ఎక్కువమంది కూలీల పిల్లలు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు టీచర్లు. వాళ్ళకు బళ్ళో కనిపించిన ముందు సగమే ఆధారం. వెనక సగం ఉద్యోగంలో చేరాక ఒంటరిగా నేర్చుకొన్నారు. అందుచేత ఇంటి ప్రభావాన్ని మరీ పూజించనక్కర లేదు. అది ఒక సౌకర్యం, అంతే.

ఆ అమ్మాయితో మాట్లాడాను. నచ్చజెప్పడానికి కాదు, నా ప్రశ్న అడగడానికి. ఒంటారియోలో హైస్కూలు గట్టెక్కాలంటే 40 గంటల సమాజసేవ తప్పనిసరి కదా. ఆ గంటలను ఆమె ఒక ఎలిమెంటరీ స్కూల్లో కిండర్‌గార్టెన్ పిల్లల దగ్గర పూర్తిచేసిందట. నలభై అయ్యాక కూడా వెళుతూనే ఉందట. "అంకుల్, జనవరిలో రీసెస్‌కు ముందు ఇరవైమందికి పైగా పిల్లలకు స్నో ప్యాంట్లు తొడగాలి. చివరివాడికి జిప్పు వేసేసరికి మొదటివాడు బాత్రూం అంటాడు. మళ్ళీ అన్నీ విప్పాలి" అంది. ఒక పిల్లవాడు మూడు వారాలపాటు ఎవరితోనూ మాట్లాడలేదని, వాడి పక్కన ఊరికే కూర్చొని బొమ్మలు వేస్తుంటే ఒకరోజు తన రంగు పెన్సిలు అడిగాడని చెప్పింది. నాయనమ్మ మాట ఒక్కసారీ ఎత్తలేదు. నేను అడిగితే, "నాన్నమ్మ వల్లే మొదలైంది. అయితే ఏం?" అంది.

ఇదంతా తండ్రిగారికి చెప్పాను. ఆమెకు తెలిసినంత వివరంగా ఆ వయసులో నాకు నా వృత్తి గురించి తెలియదని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకొని, "అదంతా సరేనండీ, ఊళ్ళో వాళ్ళకు ఏమని చెప్పాలి?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, ఇచ్చే బాధ్యతా నాది కాదనుకొన్నాను. ఆ అమ్మాయి యూనివర్సిటీలకు రెండు రకాల దరఖాస్తులూ పెట్టింది. ఏది ఒప్పుకొనేదీ జూన్ మొదట్లో తేల్చాలట. అందాకా వాళ్ళింట్లో చర్చ సాగుతూనే ఉంటుంది.