జాంబవంతుడు పలికిన తీరు



కిష్కింధాకాండము చివర వానరవీరులు సముద్రతీరమున కూర్చుండి తమ తమ బలములను చెప్పుకొనిరి. గజుడు 10 యోజనములు దూకగలననెను. గవాక్షుడు 20 అనెను. లెక్క పెరుగుచు పోయెను. వృద్ధుడైన జాంబవంతుడు తనకు 90 యోజనములే సాధ్యమని ఒప్పుకొనెను. అంగదుడు 100 దాటగలను గాని తిరిగి రాగలనో లేనో యనెను. ఇంత సందడిలో హనుమంతుడొక్కడు ఎడముగా, మౌనముగా కూర్చుండియుండెను.

జాంబవంతుడు అతనిని గద్దింపలేదు, పరిహసింపలేదు. అతనివైపు తిరిగి, అతని పుట్టుకను, పసితనమున సూర్యుని పండనుకొని ఎగిరిన సంగతిని జ్ఞాపకము చేసెను. హనుమంతుడు భయపడి మౌనము వహించెనని నేననుట లేదు. రామాయణమున అట్లు లేదు. నేను చూడుడనునది జాంబవంతుని మాటతీరును.

మన మారిషస్ దేశమున రామభజనము జరుగు రాత్రి దీపము చుట్టును అందరు పాడుచు తిరుగుచుండగా, వాకిట పాదరక్షల దగ్గర ఒకరు నిలిచియుందురు. లోనికి రారు. మనము వెంటనే తీర్పు చెప్పుదుము: ఆ పిల్లకు గర్వము, ఆ పిల్లవానికి భక్తి లేదు. కొందరి విషయమున అది నిజమే కావచ్చును. కాని కొందరికి కాళ్లు రావు. నలుగురు తన్ను చూచుచున్నారు, తప్పు పట్టుదురు, నవ్వుదురు అను తలంపుతోనే గుండె దడదడలాడును, ముఖమెర్రబారును, చేతులు చెమర్చును, వచ్చిన పాటయు మరపునకు వచ్చును.

పెద్దలు సభాకంపమనిరి. కాని ఇది సభతో ఆగునది కాదు. అంగడిలో వస్తువడుగుట, టెలిఫోను ఎత్తుట, పెండ్లివిందులో పదుగురి నడుమ భోజనము చేయుట కూడ వీరికి పరీక్షయే. ఇంటికి పోయిన పిమ్మట తామన్న ప్రతిమాటను తవ్వుకొని రాత్రి నిద్రపోరు. సాధారణమైన బిడియము పరిచయముతో తగ్గును. ఇది చదువును, ఉద్యోగమును, స్నేహమును కొరుకుచు పోవును. చాలమందికి బాల్యము దాటి యౌవనము వచ్చు వేళ మొదలగును. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథమున దీనికి ప్రత్యేకమైన స్థానమిచ్చిరి. రెండు గుక్కల రమ్ము పడినగాని బంధువుల మధ్య నోరు విప్పని మగవారిని మీరును చూచియుందురు. చెరకు తోటల దేశమున ఆ మందు సులభముగా దొరకును. అది వేరొక రోగమునకు ద్వారము.

భగవద్గీత మొదటి అధ్యాయమున అర్జునుని దేహమును గమనింపుడు. అవయవములు సడలెను, నోరెండెను, ఒడలు వణకెను, గాండీవము చేజారెను. అతనిది బంధువులను చంపవలసివచ్చిన దుఃఖము, ఈ భయము గాదు. ఐనను మనస్సు కలగినప్పుడు మహావీరుని దేహము సైతము అట్లాయెను. శ్రీకృష్ణుడు తొలుత పిరికితనము వలదని మందలించెను. ఆ మాటతో అర్జునుడు లేవలేదు. అటుపిమ్మట 18వ అధ్యాయము వరకు స్వామి ఓపికతో బోధింపవలసివచ్చెను. స్వామి మందలింపే చాలని చోట, బడిపంతులు గద్దింపు ఏమి చేయును?

నేను గద్దించితిని. ఇంట క్రియోల్ మాటాడుచు, గుడి తరగతులలో తెలుగు నేర్చినవాడను. ళకారము పలుకలేక నవ్వులపాలైనవాడను. అదంతయు మరచి, ఒక ఉగాదినాడు 14 ఏండ్ల బాలుని వేదికపైకి నెట్టితిని. అతడు రెండు పాదములు చెప్పి నిలిచిపోయెను. "నాలుక మ్రింగితివా?" అంటిని. సభ నవ్వెను. మరుసటి ఆదివారము అతడు రాలేదు. సోమరియని నలుగురితో చెప్పితిని. ఆ కార్యక్రమమునకు ముందు వారమంతయు అతనికి అన్నము సహింపలేదనియు, రాత్రులు వాంతియగుచుండెననియు చాల ఏండ్లకు అతని తల్లి వలన తెలిసెను.

ఇప్పుడు ఎవ్వరిని ముందు చెప్పక పిలువను. మొదట నూనె పోయు పని, తరువాత ముగ్గురితో కలిసి ఒక పల్లవి, తరువాత ఒంటరిగా ఒక్క చరణము. తప్పించుకొన్నకొలది ఈ భయము బలియును. కనుక ఇంటివారు ప్రతిచోట బిడ్డకు బదులుగా మాటాడుట కూడ మేలు గాదు. మెట్లు చిన్నవిగా నుండవలెను, ఎక్కువాడు తానే ఎక్కవలెను. మానసిక వైద్యులును ఇట్టి మెట్ల ద్వారానే, మాటలతోనే చికిత్స చేయుదురు. అవసరమైనచో మందును ఇత్తురు. దిష్టి తీయువారు తీయుడు, మ్రొక్కుకొనువారు మ్రొక్కుకొనుడు, కాని వైద్యుని యొద్దకును పొండు. చక్కెర వ్యాధికి పోవుటకు సిగ్గుపడని మనకు దీనికేల సిగ్గు?

ఆ బాలుడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. క్రిందటేడు రామభజనమునకు వచ్చి, పాదరక్షల దగ్గరనే నిలుచుండెను. నేను వాకిటికి పోయి, అందరి యెదుట గాక, క్షమింపుమని అడిగితిని. అతడు చాలసేపు నేల చూచెను. తరువాత నూనె చెంబు ఎక్కడనున్నదని అడిగెను.