తప్పు తెలియని ప్రాణికి దండన తగునా?

ఇంట్లో పెరిగే కుక్క కుర్చీ కాళ్లు, సోఫా అంచులు, తలుపు చెక్కలు కొరికి పాడుచేసినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. దాన్ని ఎలా మాన్పించాలన్నది ఉపాయానికి సంబంధించినది. మాన్పించే హక్కు మనిషికి ఎక్కడిది, ఆ హక్కుకు హద్దేమిటి అన్నది ధర్మానికి సంబంధించినది. రెండో ప్రశ్న తేలితే తప్ప మొదటిదానికి సరైన జవాబు దొరకదు. కొరకడాన్ని నేరంగా చూసేవారు కర్ర అందుకుంటారు. అవసరంగా చూసేవారు ఆ అవసరం తీరే దారి వెతుకుతారు.

కొరకడం కుక్క స్వభావం. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. మూడు నాలుగు నెలల వయసు నుంచి అవి ఊడిపోతూ, ఆరేడు నెలలు నిండేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ల సలపరం తగ్గడానికి పిల్ల దొరికినదల్లా కొరుకుతుంది. కొత్త వస్తువు ఏమిటో తెలుసుకోవడానికి కూడా దానికి నోరే సాధనం. పెద్ద కుక్క కొరికితే కారణాలు వేరుగా ఉంటాయి: రోజంతా ఏమీ తోచకపోవడం, నడకా పరుగూ చాలకపోవడం, ఆకలి, ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లినప్పుడు పట్టే బెంగ. బెంగతో కొరికే కుక్క ఎక్కువగా తలుపుల దగ్గర, కిటికీల దగ్గర ఆ పని చేస్తుంది. వీటిలో ఏ ఒక్క కారణంలోనూ యజమానికి నష్టం చేయాలన్న తలంపు లేదు. టేకు బల్ల ఖరీదు గానీ, తాతల నాటి కుర్చీ మీద ఇంటివారికున్న మమకారం గానీ కుక్కకు తెలిసే విషయాలు కావు.

తెలియనిచోట తప్పు ఉంటుందా అన్న విచారణ భారతీయ దర్శనాలకు కొత్త కాదు. పూర్వమీమాంసా సూత్రాల ఆరో అధ్యాయం, కర్మలు చేసే అధికారం ఎవరికుందో చర్చిస్తుంది. అక్కడ శబరస్వామి తన భాష్యంలో ఒక పూర్వపక్షం తెస్తాడు. చతుర్దశినాడు కుక్కలు, అష్టమినాడు డేగలు ఉపవాసం ఉండడం కనిపిస్తోంది కాబట్టి వాటికీ ధర్మబుద్ధి ఉన్నట్టే కదా అని ఆ వాదం. దానికి భాష్యకారుడి సమాధానం స్పష్టంగా ఉంటుంది. జంతువులు వేదం చదవవు, ధర్మశాస్త్రం వినవు, తెలిసినవారిని అడిగి నేర్చుకోవు. అవి తిండి మానేస్తే దానికి కారణం ధర్మం కాదు, మరేదో. ఈ తీర్పును కొరికే కుక్కకు అన్వయిస్తే ఫలితం తేలికగానే తేలుతుంది. ఉపవాసం ఉన్నా పుణ్యం దక్కని ప్రాణికి, బల్ల కొరికినందుకు పాపం అంటగట్టడం న్యాయం కాదు. విధి వర్తించని చోట నిషేధమూ వర్తించదు.

బౌద్ధం ఇదే చోటికి మరో దారిలో వస్తుంది. అంగుత్తర నికాయంలో బుద్ధుడు చేతననే, అంటే బుద్ధిపూర్వకమైన సంకల్పాన్నే కర్మగా నిర్వచిస్తాడు. కుక్కకు సంకల్పం లేదని దీని అర్థం కాదు. చిగుళ్ల బాధ తీర్చుకోవాలన్న సంకల్పం దానికి ఉంది. ఇతరుల సొత్తు పాడుచేయాలన్న సంకల్పమే లేదు.

దీనికి ఇళ్లలో తరచుగా వినిపించే ఆక్షేపణ ఒకటుంది. తప్పు చేసిన కుక్క తల వంచుతుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, చూపు తిప్పుకుంటుంది, తోక ముడుచుకుంటుంది. చేసింది తప్పని తెలియకపోతే ఇలా ఎందుకుంటుందని ఆ ప్రశ్న. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలపై చేసిన పరిశోధనను ప్రచురించారు. తినవద్దని చెప్పిన పదార్థాన్ని కుక్క ముందుంచి యజమాని గది దాటి వెళ్లాలి. తిరిగి వచ్చాక కుక్క తిన్నదో లేదో యజమానికి చెప్పేవారు. కొన్నిసార్లు కావాలనే అబద్ధం చెప్పేవారు. ఆ దిగాలు ముఖానికి కారణం కుక్క చేసిన పని కాదని, యజమాని గద్దింపేనని అందులో తేలింది. ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కల్లో ఆ లక్షణాలు మరింత ఎక్కువగా కనిపించాయి. కాబట్టి పశ్చాత్తాపమని మనిషి అనుకునేది చాలావరకు భయం. దాన్ని నేరాంగీకారంగా తీసుకుని శిక్షించడమంటే భయపడినందుకు శిక్షించడమే.

కుక్కను కొట్టడం వల్ల వచ్చే అనర్థం మహాభారత ఆదిపర్వం తొలి ఘట్టాల్లోనే కనిపిస్తుంది. నన్నయ తెనిగించడంతో సరమ వృత్తాంతం తెలుగువారికి సుపరిచితమైంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుండగా సరమ అనే ఆడకుక్క కొడుకు సారమేయుడు అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును తల్లి ముందుగా అడిగేది, అక్కడ నువ్వేమైనా తప్పు చేశావా అనే. హవిస్సును నాకలేదు, దానివైపు చూడనైనా లేదని కొడుకు చెప్పిన తరువాతే ఆమె రాజు దగ్గరికి వెళ్లి నిలదీస్తుంది. జవాబు రాకపోయేసరికి, ఊహించని భయం నిన్ను ఆవరిస్తుందని శపిస్తుంది. విచారణ లేని దండన ఎంత చిన్న ప్రాణి మీద జరిగినా రాజ్యాన్ని కుదిపే దోషమేనని ఈ కథ చెబుతుంది. అయితే సారమేయుడు నిజంగానే ఏమీ చేయలేదు. నిజంగా కొరికిన కుక్క సంగతికి ఈ కథ ఒక్కటీ చాలదు.

ఆ ఖాళీని జాతక కథల్లో 22వదైన కుక్కుర జాతకం పూరిస్తుంది. వారాణసి రాజు బ్రహ్మదత్తుడు సాయంత్రం ఉద్యానం నుంచి తిరిగి వచ్చాక, సేవకులు రథాన్ని తోలు పట్టెడలతో సహా రాచనగరు ముంగిట వదిలేస్తారు. రాత్రి వానకు తడిసిన తోలును కోటలోని పెంపుడు కుక్కలే కొరికి తినేస్తాయి. బయటి కుక్కలు తూము గుండా వచ్చి తిన్నాయని సేవకులు చెప్పగానే, కనిపించిన కుక్కనల్లా చంపమని రాజు ఆజ్ఞాపిస్తాడు. శ్మశానంలో కుక్కల గుంపుకు నాయకుడై ఉన్న బోధిసత్వుడు కొలువుకు వెళ్లి, కోట కుక్కలను వదిలి మిగతావాటిని చంపడం పక్షపాతమని నిరూపిస్తాడు. మజ్జిగలో దర్భ నూరి తాగిస్తే కోట కుక్కలు తోలు ముక్కలు కక్కుకుంటాయి. దోషులు దొరికాక కూడా రాజు వాటిని చంపించడు. సమస్త ప్రాణులకూ అభయమిస్తాడు. తోలును వానలో వదిలేసింది మనుషులేనన్న సంగతి కూడా గమనించాలి. కుక్కకు అందేచోట వస్తువు ఉంచినవారికి ఆ నష్టంలో భాగం ఉంటుంది.

తప్పు లేదంటే ఆపకూడదని అర్థం కాదు. దండనకు తప్పు రుజువు కావాలి. వారించడానికి హాని కలుగుతుందన్న భయం చాలు. కరెంటు తీగ కొరికితే కుక్క ప్రాణమే పోవచ్చు. సోఫాలోని స్పాంజి, గుడ్డ పీలికలు మింగితే పేగులకు అడ్డుపడి శస్త్రచికిత్స దాకా రావచ్చు. ఇంటివారి కష్టార్జితం కూడా కాపాడుకోదగినదే. కాబట్టి ఆపడం యజమాని హక్కు మాత్రమే కాదు, కర్తవ్యం కూడా.

ఆ కర్తవ్యానికి హద్దులు జైనం గీసినంత స్పష్టంగా మరొకరు గీయడం అరుదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం గృహస్థుడి అహింసావ్రతానికి ఐదు అతిక్రమణలు చెబుతుంది: కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, అన్నపానాలు ఆపడం. కొరికే కుక్క మీద జనం ప్రయోగించే గొలుసు, కర్ర, పస్తు మూడూ ఈ జాబితాలో ఉన్నాయి. అయితే శ్రావకుల ఆచారాన్ని వివరించిన జైన వ్యాఖ్యాతలు పశువును అసలు కట్టకూడదని అనలేదు. కట్టవలసివస్తే కాళ్లు కదిలేలా వదులుగా, నిప్పు అంటుకుంటే వెంటనే విప్పేలా కట్టమన్నారు. కోపంతో చేసే బంధనాన్ని, దయతో చేసే బంధనాన్ని వారు వేరుచేశారు.

పాశ్చాత్య తత్త్వంలో ఈ చర్చ రెండు పాయలుగా సాగింది. జంతువుల పట్ల మనిషికి నేరుగా బాధ్యత లేదని, అయినా వాటిని హింసించేవాడు సాటి మనుషుల పట్ల కూడా కఠినుడవుతాడని కాంట్ అన్నాడు. 1789లో వెలువడిన గ్రంథంలో బెంథామ్, జంతువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాక, బాధపడగలదా అన్నదే అసలు ప్రశ్న అన్నాడు. కాంట్ వాదంలో దయకు కారణం మనిషి శీలం. బెంథామ్ వాదంలో కుక్క బాధ. జైనుల అహింస ఈ రెంటినీ కలుపుకుంటుంది. హింస పడేవారికి నొప్పి, చేసేవారికి కర్మబంధం.

ఈ సూత్రాల నుంచి ఆచరణ నేరుగా వస్తుంది. అన్నిటికన్నా ముందు కొరకడానికి తగినది ఇవ్వాలి. గట్టి రబ్బరు బొమ్మలు, పళ్లొచ్చే పిల్లకు చల్లబరిచిన బొమ్మలు ఇందుకు పనికొస్తాయి. ఉడికించిన ఎముకలు ముక్కలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి ఇవ్వకూడదు. పాత చెప్పు కొరకనిస్తే కొత్త చెప్పుకు తేడా కుక్కకు తెలియదు. చెప్పులు, తీగలు అందకుండా పెట్టాలి. చూసేవారు లేనప్పుడు ప్రమాదం లేని గదిలో ఉంచాలి. కుర్చీ కాలు పట్టుకున్న క్షణంలోనే గొంతు పెంచకుండా దృష్టి మళ్లించి, బొమ్మ అందించి, అది అందుకోగానే మెచ్చుకోవాలి. గంట తరువాత తిడితే ఆ తిట్టుకూ చేసిన పనికీ సంబంధం కుక్కకు అందదు; యజమాని రాకకూ భయానికీ మాత్రం ముడిపడుతుంది. కుక్కల కోసమే తయారైన చేదు స్ప్రే కొన్నిటికి పనిచేస్తుంది. రోజూ తగినంత నడక, ఆట ఉండాలి. ఒంటరితనపు బెంగ ఉన్న కుక్కను కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి ఎడబాటుకు అలవాటు చేయాలి. తీవ్రమైతే పశువైద్యుడిని కలవాలి.

వీటికి ఓపిక చాలక కుక్కను వీధిలో వదిలేసేవారున్నారు. ఆశ్రయించినవారిని విడవడం ఎంత పెద్ద పాపమో మహాప్రస్థానిక పర్వం చూపిస్తుంది. కుక్కను వదిలితేనే స్వర్గమన్న ఇంద్రుడితో ధర్మరాజు, నమ్ముకున్న దాన్ని విడిచి ఆ సుఖం తనకు వద్దన్నాడు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కూడా కుక్కను కొట్టి హింసించడాన్ని, పొట్టి గొలుసుతో అతిగా కట్టి ఉంచడాన్ని, ఆకలిదప్పులతో అలమటించేలా కారణం లేకుండా వదిలేయడాన్ని నేరాలుగా పేర్కొంది. మొదటిసారి చేసిన నేరానికి ఆ చట్టంలోని జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అంత తక్కువ జరిమానాకు భయపడి ఎవరూ మారరు కాబట్టి ఈ విషయంలో అసలు కాపలా గృహస్థుడి ధర్మబుద్ధే.

కుక్క తనంతట తాను ఇల్లు ఎంచుకుని రాలేదు, మనిషే తెచ్చుకున్నాడు. ఏది కొరకవచ్చో ఏది కొరకకూడదో నిర్ణయించిందీ మనిషే. ఆ నియమాన్ని తెలియజెప్పే భారం, తెలిసేవరకు కలిగే నష్టాన్ని భరించే ఓర్పు కూడా ఆ నిర్ణయంతోపాటే అతడి మీద పడతాయి. వారించడం, నేర్పడం ఆ భారంలో భాగాలు. దండనకు అందులో చోటు లేదు.