తర్వాత వచ్చిందంటే దాని వల్ల వచ్చినట్టేనా?

రిపేరు చేయించి తెచ్చుకున్న కారు ఇంజిన్ మునుపటికన్నా వేగంగా తిరుగుతోందన్నది కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ షెడ్లకు కొత్త ఫిర్యాదు కాదు. వేడెక్కిన పెట్రోలు ఇంజిన్ ఆక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే సాధారణంగా నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతుంది. అది 1,500 దగ్గరో 2,000 దగ్గరో నిలిచిపోతే బండి రేజ్ అవుతోందంటారు. యజమాని నోట మొదట వచ్చే మాట దాదాపు ఎక్కడైనా ఒకటే: ఇచ్చేటప్పుడు మంచిగనే ఉండె, మీరు ముట్టుకున్నాకనే గిట్లైంది. ఆ మాటలో ఒక వాదం దాగి ఉంది. ముందు ఒకటి జరిగింది, ఆ వెంటనే మరొకటి జరిగింది, కాబట్టి దీనికి అదే కారణం. షెడ్డులో ఈ వాదం వల్ల జరిగే నష్టం చిన్నది. ఇదే వాదం ఊళ్లోకి నడిస్తే మనుషుల ప్రాణాలు తీస్తుంది. అందువల్ల కారణాన్ని పరీక్షించకుండా నింద వేయడాన్ని తర్కదోషమని వదిలేయలేం, అది అధర్మం అంటాను.

ముందు ఇంజిన్ సంగతి. ఐడిల్‌లో దాని వేగం ప్రధానంగా లోపలికి వెళ్లే గాలి మీద ఆధారపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి బిగించేటప్పుడు సన్నని వాక్యూమ్ పైపు ఊడిపోతే, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోతే, అక్కడినుంచి దొంగగాలి జొరబడుతుంది. పాత బండ్లలో ఆక్సిలరేటర్ కేబుల్ మరీ బిగువుగా కట్టినా చుట్లు పెరుగుతాయి. కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్‌కు ప్లగ్గు పెట్టడం మరిచిపోతే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని బండిలోని కంప్యూటర్ వేగం తగ్గించకపోవచ్చు. ఇవన్నీ చేతి తప్పులే, కాదనడానికి లేదు. అయితే డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. అంత చలిలో స్టార్ట్ చేసిన ఇంజిన్ వేడెక్కేదాకా కాసేపు ఎక్కువ చుట్లు తిరగడం దాని స్వభావం. మే నెల ఎండలో రామగుండంలో ఏసీ వేస్తే, కంప్రెసర్ భారం మోయడానికి చాలా బండ్లలో కంప్యూటర్ తానే కొంత వేగం పెంచుతుంది. రిపేరుకు ముందు కూడా ఇలాగే జరిగి ఉంటుంది, కానీ అప్పుడు మీటరు ముల్లు మీద ఎవరి దృష్టీ పడలేదు.

కారణం అంటే ఏమిటన్న ప్రశ్నను మన నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నవాళ్లు అరుదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్ల చేతిలో పడే తొలి పుస్తకం. కార్యానికి ముందు నియమంగా ఉండి తీరేదే కారణమని ఆయన చెప్పాడు. తన పుస్తకానికి తానే రాసుకున్న దీపికలో, ముందు ఉన్నా కారణం కానివాటిని అన్యథాసిద్ధాలుగా వేరు చేశాడు. దీనికి నైయాయికులు చూపే ఉదాహరణ కుండ. మట్టి, కర్ర, చక్రం, కుమ్మరి దానికి కారణాలు. ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిద కూడా కుండకు ముందే అక్కడ ఉంది, అయినా అది కారణం కాదు, ఎందుకంటే గాడిద లేకుండా బండి మీద మట్టి తెచ్చినా కుండ తయారవుతుంది. కాబట్టి ముందుండటం ఒక్కటే చాలదు. ఉంటే జరగాలి, లేకపోతే జరగకూడదు. ఊడిన పైపు తిరిగి పెట్టగానే చుట్లు తగ్గి, తీయగానే పెరిగితే అప్పుడు పైపు కారణం. కంటికి కనబడని లీకును పట్టడానికి మంచి షెడ్లలో మ్యానిఫోల్డ్‌లోకి పొగ ఎక్కించి, అది ఎక్కడినుంచి బయటికొస్తుందో చూస్తారు. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం తర్కంలో తొలి పాఠం. ఇక్కడ పొగ చిల్లును చూపిస్తుంది.

ఒక కేసు మాత్రం ఇంకా లోతైనది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అదే. ఏళ్ల తరబడి నడిచిన బండిలో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక రేకుతో అదుపు చేసే త్రాటిల్ బాడీ అంచుల చుట్టూ మసి పేరుకుంటుంది. గాలి వెళ్లే సందు ఇరుకవుతుంది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న బండిలో కంప్యూటర్ దాన్ని గమనించి, రేకును కొద్దికొద్దిగా ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది, ఆ అలవాటును జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. మెకానిక్ ఆ మసినంతా శుభ్రంగా తుడుస్తాడు. ఇప్పుడు సందు విశాలమైంది, కానీ కంప్యూటర్ పాత లెక్క ప్రకారమే రేకును తెరుస్తుంది, గాలి ఎక్కువ వెళ్తుంది, ఇంజిన్ రేజ్ అవుతుంది. పని సరిగ్గానే జరిగింది. తేడా తెచ్చింది తొలగిపోయిన మసికి అలవాటు పడ్డ జ్ఞాపకం. దాన్ని కొత్త లెక్క నేర్చుకోనివ్వాలి. కొన్ని బండ్లలో కాసేపు నడిస్తే అదే సర్దుకుంటుంది, కొన్నింటికి స్కానర్ పెట్టి ఆ పని చేయించాలి. సంస్కారం, వాసన అంటూ మన దర్శనాలు చెప్పింది ఇలాంటిదే. జ్ఞానం కలిగాక కూడా శరీరం ఎందుకు కొనసాగుతుందన్న ప్రశ్నకు సాంఖ్యకారిక ఇచ్చిన జవాబు, కుమ్మరి చెయ్యి తీసినా పూర్వవేగంతో తిరిగే చక్రం. మంచి మార్పు వచ్చిన వెంటనే కనిపించే ఇబ్బందికి ఆ మార్పే కారణమనుకుంటే, తుడిచిన మసిని తిరిగి పూయడమే పరిష్కారమవుతుంది. తాగుడు మానిన మనిషికి మొదటి రోజుల్లో చేతులు వణికితే, తాగినన్నాళ్లూ బాగానే ఉన్నాడు కదా అని గ్లాసు అందించేవాళ్లు ఉంటారు. అతనికి కావాల్సింది వైద్యుడు.

ఇక ఊళ్లోకి వెళ్దాం. పాత కరీంనగర్, మెదక్ జిల్లాల పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన, పళ్లు పీకిన, చంపిన ఘటనలు దశాబ్దాలుగా పత్రికలకెక్కుతూనే ఉన్నాయి. వాటి వెనక ఉండే తర్కం షెడ్డులో విన్నదే. ఆ ముసలామె మా ఇంటి ముందునుంచి పోయింది, రాత్రికి బిడ్డకు జ్వరం వచ్చింది, కాబట్టి ఆమె చేసింది. ఆమె పోయిన మాట నిజం. జ్వరం వచ్చిన మాటా నిజం. ఆ రెండింటినీ కలిపిన ముడి మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఆమె పోని ఇళ్లలో జ్వరాలు లేవా, ఆమె పోయిన ఇళ్లన్నింటిలో జ్వరాలు వచ్చాయా అని ఒక్కరు అడిగి ఉంటే ఒక ప్రాణం నిలబడేది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. రిపేరు తర్వాత వచ్చిన తేడా చాలాసార్లు రిపేరు వల్లే వస్తుంది, అనుభవం ఉన్న మేస్త్రి కూడా చెయ్యి పడిన చోటునే మొదట వెతుకుతాడు, మరి వెంట రావడాన్ని సాక్ష్యంగా ఎందుకు తీసుకోకూడదు? తీసుకోవాలి, కానీ దాని స్థానం ఎక్కడో తెలుసుకుని తీసుకోవాలి. గౌతముడి న్యాయసూత్రాలు చెప్పిన 16 పదార్థాల్లో సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది. ఆ రెంటి మధ్య ప్రయోజనం, దృష్టాంతం, సిద్ధాంతం, అవయవాలు (వాదంలోని అంగాలు), తర్కం ఉన్నాయి. వెంట రావడం మనల్ని సంశయం దాకా తీసుకెళ్తుంది. అక్కడినుంచి నిర్ణయం మీదికి ఒక్క గెంతు వేయడమే తప్పు.

మతం వైపునుంచి మరో మాట వినిపిస్తుంది: ఈ వెతుకులాట అంతా ఎందుకు, జరిగేదంతా కర్మఫలమే కదా అని. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధ స్తూపం ఉంది. ఆ స్తూపం ఎవరి పేరున వెలిసిందో ఆ బుద్ధుడిని శివకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగినట్టు బౌద్ధ గ్రంథమైన సంయుక్తనికాయం చెబుతుంది. మనిషి పడే ప్రతి బాధా పూర్వకర్మ వల్లనే అన్న మాటను బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటినుంచి తగిలే దెబ్బ అని ఏడు కారణాలు చెప్పి, ఎనిమిదోదిగా కర్మ విపాకాన్ని పెట్టాడు. కర్మను నమ్మినవాడే దాన్ని ఒక కారణంగా, అదీ చివర చెప్పాడు. కొండగట్టు ఆంజనేయుడి గుడిలో కొత్త బండికి పూజ చేయించడంలోనూ, దసరాకు పానాలకూ స్క్రూడ్రైవర్లకూ కుంకుమ పెట్టడంలోనూ ఈ వెతుకులాటకు విరోధం నాకు కనిపించదు. పనిముట్టు మీద గౌరవం ఉన్నవాడు పైపు బిగించాడో లేదో రెండుసార్లు చూసుకుంటాడు. పైపు చూడకుండా దిష్టి తగిలిందంటేనే ఆ గౌరవం పోతుంది.

ఇంజిన్ మనిషి చేసిన యంత్రం, పైపు తీసి పెట్టి చూడొచ్చు, బతుకులో అలా పరీక్షించడానికి వీలేదని ఇంకొందరంటారు. నిజమే. బిడ్డ జ్వరాన్ని వెనక్కి తిప్పి, ముసలామెను వేరే వీధిలో నడిపించి చూడలేం. కానీ పరీక్షకు వీలు లేని చోట మన నిశ్చయం తగ్గాలి కదా, ఎందుకు పెరుగుతోంది? పరీక్షకు వీలున్న షెడ్డులో బేరాలాడి సర్దుకుంటాం, వీలులేని ఊళ్లో శిక్ష వేస్తాం. ఈ వరస తిరగబడాలి. పైపు ఊడిందని తేలితే మేస్త్రి పైసా తీసుకోకుండా మళ్లీ బిగించాలి. కంప్యూటర్ పాత లెక్క మరవలేదని తేలితే యజమాని కొంత సమయం ఇవ్వాలి. ఆదిలాబాద్ చలి వల్ల అయితే ఎవరూ ఎవరికీ బాకీ లేరు. జ్వరం ఎందుకొచ్చిందో తేలనప్పుడు బిడ్డను రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాలి, ఆ వీధిన నడిచిన ముసలామెను రేపు కూడా అదే వీధిన నడవనివ్వాలి.