శని ఎక్కడున్నాడు తమ్ముడూ?



మా పేటలో దీక్ష తీసుకున్న ఒక అక్క శనివారం శనివారం నువ్వుల నూనె పట్టుకుని నవగ్రహాల దగ్గరికి వెళ్తోందని తెలిసింది. కొడుక్కి ఉద్యోగం పోయింది. ఏలినాటి శని అన్నారట. నేను ఊరుకుంటానా! 22 ప్రతిజ్ఞలు గుర్తు చేశాను, గ్రహాలు మనల్ని పట్టవని గట్టిగానే చెప్పాను. అంతా విని ఆమె ఒకటే అడిగింది. "శని ఎక్కడున్నాడు తమ్ముడూ? నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. ఇరవై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను, ఒక్కరోజూ తలెత్తి చూడలేదు. పంతులు చెప్పాడని ఆమె నమ్మింది, పుస్తకంలో చదివి నేను నమ్మలేదు. ఇద్దరిదీ విన్నమాటే కదా. ధమ్మం ఏహిపస్సికో, వచ్చి చూడమంటుంది అని ఊరందరికీ చెప్పేవాణ్ణి. అది నాక్కాదనుకున్నానేమో.

ఆ చలికాలం విజయవాడలో మా డాబా ఎక్కడం మొదలుపెట్టాను. సిటీ వెలుతురులో చుక్కలు కనపడవంటారు గానీ, గ్రహాలకు ఆ ఇబ్బంది తక్కువ. చంద్రుడే గుర్తు. దాదాపు నెలకోసారి ప్రతి గ్రహం పక్కనుంచీ పోతాడు. ఆయన పక్కన మిణుకుమనకుండా నిలకడగా వెలిగేది ఉంటే గ్రహం కావచ్చు. పొద్దుగూకాక పడమట గానీ, తెల్లారకముందు తూర్పున గానీ ధగధగలాడితే శుక్రుడు, మనవాళ్ల వేగుచుక్క. నడిరాత్రి నెత్తిమీద తెల్లగా బాగా వెలుగుతుంటే గురుడు. ఎర్రగా ఉంటే కుజుడు, మన ఆడపిల్లల పెళ్లిళ్లు చెడగొట్టేది ఈయనేనట! రోహిణి నక్షత్రం కూడా ఎర్రగానే ఉంటుంది, రెండు రోజులు నేను దాన్నే కుజుడనుకున్నాను. మిణుకుమనడం చూశాక తెలిసింది. శని శుక్రుడి కంటే, గురుడి కంటే మసక, లేత పసుపు.

ఒక సాయంత్రం చంద్రుడు శని దగ్గరికొచ్చాడు. అక్కని డాబా మీదికి పిలిచాను. "ఇంతేనా?" అంది. మర్నాడు అదే వేళకి మళ్లీ వచ్చింది. చంద్రుడు తూర్పుకి, చాచిన చేతి పిడికిలి కంటే కాస్త ఎక్కువ జరిగాడు. శని ఉన్నచోటే ఉన్నాడు.

అప్పుడు లెక్క చెప్పాను. శని సూర్యుణ్ణి చుట్టిరావడానికి సుమారు 29న్నర ఏళ్లు. 12 రాశులకు పంచితే ఒక్కోదానికి రెండున్నర. మనం పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి, దానికి ముందుది, తర్వాతది, మూడూ కలిపితే ఏడున్నర. ఏలినాటి శని అంటే అదే. ఎప్పుడు చూసినా పన్నెండింట మూడు రాశులవాళ్లకి అది ఉండాల్సిందే, అంటే దాదాపు నలుగురిలో ఒకరికి. అక్క కాసేపు ఆలోచించింది. "మావాడితో పాటు పదకొండు మందిని తీసేశారు. అందరిదీ ఒకే రాశా?"

ఇరవై ఏళ్లలో నాకు తట్టని ప్రశ్న అది.

గ్రహణాలు, నక్షత్రాల నడక చూసి ఫలితాలు చెప్పి బతకడం నీచవిద్య అనీ, బుద్ధుడు దానికి దూరంగా ఉన్నాడనీ బ్రహ్మజాల సుత్తంలో ఉంది. ఆ రాత్రి ఆ సంగతి ఎత్తలేదు. అద్దె కట్టలేని ఇంట్లో భయం ఊరికే పుట్టదు. దాన్ని మూర్ఖత్వం అనడం నా తప్పు.

తర్వాత శనివారం ఆమె గుడికి వెళ్లిందో లేదో నేను అడగలేదు. కొన్నాళ్లకి తెల్లవారుజామున ఫోన్ చేసింది.

"తమ్ముడూ, చంద్రుడి పక్కన ఇంకోటుంది. ఎర్రగా ఉంది, మిణకట్లేదు. లేచి చూడు."