కిటుకులు బిన్నులోకి ఎక్కిన కథ

పెనుకొండ దాటాక హైవే పక్కన ఒక విడిభాగాల కంపెనీ ఉండేది. కారు సీట్ల కింద బిగించే ఇనుప బ్రాకెట్లు అక్కడ తయారయ్యేవి. ప్రెస్సు నుంచి దిగిన బ్రాకెట్లను పెద్ద ఇనుప పెట్టెల్లో నింపి, ఆ పెట్టెలను ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చి, కబురు రాగానే లారీకి ఎక్కించేవాళ్లు. ఫ్యాక్టరీలో అందరూ వాటిని బిన్నులనే అనేవాళ్లు.

ఆ బిన్నులు చేసిచ్చింది పుట్టపర్తిలో వెల్డింగ్ షెడ్డు నడిపే ఒక మేస్త్రి. అంతకుముందు ఆయన గేట్లు, కిటికీ గ్రిల్లులు, లాడ్జీలకు ఇనుప మంచాలు చేసేవాడు. కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో పొడవు, వెడల్పు, లోతు, ఎంత బరువు పట్టాలి అన్నవి ఉన్నాయి. మేస్త్రి గీటు తేడా లేకుండా చేశాడు. రేకు మందంలో, వెల్డింగులో ఎక్కడా కక్కుర్తి పడలేదు. దించిన రోజు స్టోర్సు ఇన్‌చార్జి సుత్తితో కొట్టి చూసి, గట్టి సరుకేనని సంతకం పెట్టాడు.

వాటిని మోసే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుది హిందూపురం. చింతపండు మండీలో బస్తాలు మోసిన చేతులతోనే బండి నేర్చుకున్నాడు. ఆయన పేర్చిన దొంతర ఎప్పుడూ పడలేదు. ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినం నాడు, కంపెనీవాళ్లు ఆయనకు శాలువా కప్పేవాళ్లు. చేతిలో ఏదో మహిమ ఉందని తోటివాళ్లు అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి చెల్లెలి పెళ్లికి ధర్మవరంలో పట్టుచీరలు కొనాలని ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. బండి ఒక బుక్కపట్నం పిల్లాడికి అప్పగించారు. లైసెన్సు ఉన్నవాడు, శిక్షణ అయినవాడు, భయభక్తులు ఉన్నవాడు. రెండో రోజు మధ్యాహ్నం మూడో బిన్ను ఎత్తి రెండోదాని మీద దించాడు. కూర్చున్నట్టే కనిపించింది. ఫోర్కులు వెనక్కి లాగాడు. ఒక కాలు అంచు మీద నిలబడి ఉందని వాడికి తెలియలేదు. బిన్ను ఒరిగి, దారికి అడ్డంగా కూలింది. అరక్షణం ముందు దాకా అక్కడ లేబుళ్లు అంటిస్తున్న ఒడిశా కుర్రాడు మంచినీళ్లకని పక్కకు వెళ్లాడు. బతికిపోయాడు.

పిల్లాడికి మెమో ఇచ్చారు. పెద్ద డ్రైవరు సెలవు నుంచి రాగానే మేనేజరు పిలిచి, "నీకు తెలిసిందంతా వీడికి నేర్పు" అన్నాడు. వంగిన బిన్ను సరిచేయడానికి మేస్త్రినీ పిలిపించారు. అలా ముగ్గురూ ఒకే చోట చేరారు.

పిల్లాడు నోటుబుక్కు తెరిచాడు. పెద్ద డ్రైవరు మొదలుపెట్టాడు.

"సూడప్పా, ఈ దిక్కు నుంచి ఎత్తొద్దు. సరుకు నింపే ఆడోళ్లు తలుపు ఉండే పక్క నుంచే నింపుతారు. బరువంతా ఆ పక్కనే ఉంటాది. ఆ బరువు నీకు దగ్గరుండేట్ల పోవల్ల. బిన్ను కింద ఫోర్కులు ఎంత ఎడంగా పెట్టల్లో ఎవురూ చెప్పరు, నువ్వే మధ్య సూసుకోవల్ల. తిరిగేటప్పుడు ఫోర్కుల మీద జారతాది, మెల్లగా తిప్పు. రేకు అడ్డమొచ్చి ముందర ఏమీ కనపడదు, నిండు బిన్నుంటే వెనక్కే నడుపు."

పక్కన నేల మీద కూర్చుని వంగిన బిన్ను కాలు కొలుస్తున్న మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"మీద దించేటప్పుడు కండ్లను నమ్మొద్దు, చెవితో వినల్ల. నాలుగు కాళ్లూ కూర్చుంటే టక్, టక్ అని రెండుసార్లు వినిపిస్తాది. ఒకేసారి వినిపిస్తే ఏదో కాలు అంచు మీదుండాదని అర్థం. ప్రెస్సు నడిచేటప్పుడు అదీ వినపడదు, అప్పుడు సీటు కింద వచ్చే అదురు సూడల్ల."

"ఇంగోసారి చెప్పప్పా" అన్నాడు మేస్త్రి.

డ్రైవరు మళ్లీ చెప్పాడు. మేస్త్రి సుద్దముక్కతో ఒక్కోటీ నేల మీద రాసుకున్నాడు. రాసినదాన్ని కొంతసేపు చూస్తూ కూర్చుని, లేచి అన్నాడు: "ఇవి కిటుకులు కావప్పా. నా బిన్నులో ఉండే తప్పులు. నేను సగం చేసి పంపినా. మిగతా సగం నువ్వు దినామూ చేస్తాండావు."

మేనేజరు అడ్డొచ్చాడు. "డ్రాయింగు ప్రకారమే చేశావు గదా మేస్త్రీ, నీ తప్పేముంది?"

"డ్రాయింగు గీసినాయన బండి ఎక్కి సూసినాడా సార్? నేనూ సూడలేదు. ఎంత బరువు మోస్తాదని అడిగినా గానీ, ఎవురు మోస్తారని అడగలే."

ఆ వారమే ఆయన కొత్త బిన్ను ఒకటి చేసి తెచ్చాడు. కింద ఫోర్కులు దూరడానికి రెండు గొట్టాలు పెట్టాడు. ఫోర్కులు అందులోకి పోయాక బిన్ను పక్కకు జారే వీలు లేదు. నాలుగు మూలలా కింది బిన్ను మీద కూర్చునే గిన్నెకాళ్లు పెట్టాడు. పెద్ద డ్రైవరు ముచ్చటపడి బండి ఎక్కబోతే మేస్త్రి వద్దన్నాడు. "నువ్వు ఎట్లాంటిదైనా పేరుస్తావు. నీతో సూస్తే నాకు ఏమీ తెలీదు. ఆ పిల్లోన్ని ఎక్కనీ."

పిల్లాడు పేర్చబోయాడు. గిన్నె అంచులు నిటారుగా ఉన్నాయి. వేలెడు తేడా వచ్చినా కూర్చోవడం లేదు. ముందుకూ వెనక్కూ జరిపి, చెమటలు పట్టి, చివరికి కూర్చోబెట్టాడు. మేస్త్రి ఏమీ అనకుండా బిన్నును తిరిగి ఆటోలో వేసుకుని పోయాడు. మళ్లీ వచ్చినప్పుడు గిన్నెల మూతి వెడల్పుగా విచ్చుకుని ఉంది. కొంచెం అటూ ఇటూ దించినా కాలు ఏటవాలు వెంట దానంతట అదే లోపలికి జారి కూర్చుంది. పిల్లాడు వరసగా ఎన్నిసార్లు పెట్టినా కూర్చుంది. ఆ తర్వాత పక్క రేకుల చోట జాలీ వచ్చింది, అవతల మనిషి ఉంటే కనిపించేలా. నింపే తలుపు రెండు దిక్కులా వచ్చింది, బరువు ఒక పక్కకే చేరకుండా. నింపాల్సిన మట్టం దగ్గర ఎర్ర గీత వచ్చింది.

ఒక్కో బిన్నుకు ఖర్చు పెరిగింది, పట్టే బ్రాకెట్లు కొంచెం తగ్గాయి. పర్చేజ్ వాళ్లు చాలా రోజులు నసిగారు. కూలిన బిన్ను కింద ఒడిశా కుర్రాడు ఉండుంటే లెక్క ఎంతయ్యేదని మేనేజరు అడిగాక సంతకం పెట్టారు.

పెద్ద డ్రైవరు మాత్రం కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఎవరైనా పేర్చగలిగే బిన్ను వచ్చాక తన విద్యకు విలువేముందనిపించింది ఆయనకు. అది న్యాయమైన బాధే. ఒకరోజు భోజనాల దగ్గర మేస్త్రే అడిగాడు, కొత్త బిన్నులు ఎట్లున్నాయని. ఆయన అన్నం కలుపుతూ చెప్పాడు:

"ఇన్నేండ్లూ నా కండ్లు, చెవులు బిన్ను కాళ్ల కాడనే ఉండె అన్నా. ఇప్పుడు మనుషుల మీదుండాయి."

నీతి: పనివాడి నేర్పును పొగిడేటప్పుడు, ఆ నేర్పు ఏ లోపాన్ని కప్పిపెడుతోందో కూడా అడగాలి. జాగ్రత్తను మనిషికి బోధించే ముందు వస్తువులో అమర్చాలి.

కథ కల్పితం, చోటు మాత్రం నిజం. 2019లో పెనుకొండ పక్క ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు రావడం మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో అది మొదలైంది. దాన్ని నమ్ముకుని విడిభాగాల కంపెనీలు చుట్టుపక్కల వెలిశాయి. హిందూపురం పక్క తూముకుంట, గొల్లాపురం వైపు పరిశ్రమలు సరేసరి. వేరుశనగ, పట్టుగూళ్లు, చింతపండు తెలిసిన ఈ ప్రాంతంలో ఇప్పుడు వేలమంది ఇనుప బిన్నుల మధ్య, ఫోర్క్‌లిఫ్టుల మధ్య బతుకు వెళ్లదీస్తున్నారు. వాళ్లలో చాలామందికి ఇది మొదటి తరం ఫ్యాక్టరీ పని. అందుకే బిన్ను ఎలా తయారైందన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఫోర్క్‌లిఫ్ట్ నిజానికి ఒక త్రాసు. ముందు చక్రాలు అది ఆనుకుని ఊగే చోటు, ముందు ఫోర్కుల మీద సరుకు, వెనక బండి సొంత బరువు. రెండున్నర టన్నుల బండి అని ప్లేటు మీద ఉంటుంది గానీ, సాధారణంగా ఆ మాట సరుకు బరువు మధ్య ఫోర్కుల మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల లోపు ఉన్నప్పుడే చెల్లుతుంది. మీటరున్నర పొడవు బిన్నును పొడవు దిక్కున ఎత్తితే ఆ మధ్య 750 మిల్లీమీటర్లకు పోతుంది. బిన్నులో బరువు పెరగలేదు, అయినా బండి మోయగలిగింది తగ్గిపోయింది. డ్రాయింగు గీసేవాడు పొడవు అంకె మార్చిన క్షణంలోనే డ్రైవరు ప్రాణం మీదికి వస్తుంది, ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. 1200కు 1000 మిల్లీమీటర్ల కొలతలో బిన్ను చేసి, 1200 పక్క నుంచి ఫోర్కులు దూరేలా పెడితే, సమంగా నింపినప్పుడు మధ్య సరిగ్గా 500 దగ్గర నిలుస్తుంది. పాలెట్లకు ఎక్కువగా వాడే కొలతల్లో అదొకటి కావడం వల్ల లారీలోనూ, ర్యాకులోనూ ఇమిడిపోతుంది.

ఇంకొకటి ఉంది. ఈ బండి నిలకడ నాలుగు చక్రాల మీద ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్య కీలు, ఈ మూడు బిందువుల త్రికోణం మీదే ఉంటుంది. సరుకు పైకెత్తి మలుపు తిప్పితే బరువు ఆ త్రికోణం దాటి పక్కకు పోతుంది, బండి ఒరుగుతుంది. ఒరిగే బండిలోంచి దూకినవాడు తరచూ దాని కిందే పడతాడు. సీటుబెల్టు పెట్టుకుని, గట్టిగా పట్టుకుని, ఒరిగే దిక్కుకు ఎదురుగా వాలమని నేర్పేది అందుకే. ఇదంతా నేర్పాల్సిందే. కానీ భద్రతా శాస్త్రం పెట్టిన మెట్లలో మొదటిది ప్రమాదాన్ని అసలు లేకుండా చేయడం. తర్వాత యంత్రంలో, వస్తువులో మార్పులు. శిక్షణ, హెచ్చరిక బోర్డులు ఆ కిందవి. హెల్మెట్ అన్నిటికంటే చివరిది. మన దగ్గర చాలా చోట్ల ఈ మెట్లు కింద నుంచి ఎక్కడం మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోతాం.

పుట్టపర్తి మేస్త్రి చేసినటువంటి పని ప్రపంచం ఒకసారి చాలా పెద్ద ఎత్తున చేసింది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటెయినర్లతో హ్యూస్టన్‌కు బయలుదేరింది. దాని వెనక ఉన్న వ్యాపారి మాల్కం మెక్‌లీన్ పేరు చాలామంది విన్నారు. కంటెయినర్ల మూలలను, వాటిని ఒకదానికొకటి బిగించే తిప్పుడు తాళాలను తీర్చిదిద్దిన ఇంజనీరు కీత్ టాంట్లింజర్ పేరు తక్కువమందికి తెలుసు. నాకు ఆయనే గొప్పవాడిగా తోస్తాడు. పెట్టె గోడలు ఎవరైనా చేస్తారు. పై పెట్టె బరువు కింది పెట్టె మూలల్లోంచి నేరుగా నేలకు దిగాలని, క్రేను పట్టుకునేదీ లారీకి బిగించేదీ ఆ మూలలనే అని ఆయన ఆలోచించాడు. ఆ మూలల, తాళాల పేటెంటును అందరూ వాడుకునేలా వదిలేయమని మెక్‌లీన్‌ను ఒప్పించిందీ ఆయనే. అందుకే ఈ రోజు చెన్నై రేవులో దిగిన పెట్టె ఎవరి ఓడలోదైనా ఎవరి లారీ మీదైనా కూర్చుంటుంది.

మన కంపెనీల్లో బిన్ను ఆర్డరు కాగితం మీద పొడవు, వెడల్పు, బరువు, ధర ఉంటే చాలదు. దొంతర ఎన్ని బిన్నుల ఎత్తు వరకు పేర్చవచ్చో, అన్నిటికంటే కింది బిన్ను మొత్తం ఎంత బరువు తట్టుకుంటుందో లెక్కకట్టి, బరువు పెట్టి పరీక్షించి, బిన్ను మీదే ప్లేటు కొట్టించాలి. ఆ ప్లేటు తెలుగులో, హిందీలో, హిందూపురం కర్ణాటక సరిహద్దులో ఉంది కాబట్టి కన్నడంలో కూడా ఉండాలి. నమూనాను కొత్త డ్రైవరు చేత పేర్పించాకే డ్రాయింగు మీద సంతకం పడాలి. వాడుకలో కాలు వంగిన బిన్నుకు ఎర్ర రంగు పూసి పక్కన పెట్టే అధికారం, ఎవరినీ అడగకుండా, డ్రైవరుకు ఉండాలి. ఆ మరమ్మతు ఖర్చును మొదటి రోజే ధరలో కలిపి రాసుకోవాలి. లేకపోతే వంగిన బిన్ను రెండో రోజుకల్లా మళ్లీ దొంతర ఎక్కుతుంది.