ఫోను గుర్తుంది, గొంతు ఎవరిది?

మా ఇంటి దూలం మీద ఒక పాత బటన్ ఫోను ఉంది. బ్యాటరీ ఉబ్బిపోయింది. దానికి సరిపోయే ఛార్జర్ ఇప్పుడు దొరకదు. అయినా పారేయబుద్ధి కాదు.

అప్పట్లో భద్రాచలం పోతే సెల్‌షాపులో మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకుని వచ్చేవాళ్ళం. ఊళ్ళో సిగ్నల్ లేకపోయినా బ్లూటూత్ ఉండేది. ఒకరి ఫోనులోని రేల పాట పెళ్ళిలోనో పండుగలోనో ఇంకొకరి ఫోనులోకి చేరేది. ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు, అడ్డగించేవాడు లేడు.

ఇంటర్నెట్ కూడా మొదట ఇలాంటిదే. వెబ్‌ను రుసుము లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధన సంస్థ ప్రకటించింది. తర్వాత జియోసిటీస్‌లో మామూలు మనుషులు సొంత పేజీలు కట్టుకున్నారు. 2009లో అది మూతపడింది. కొందరు ముందుగా కాపీ తీసిపెట్టినవే మిగిలాయి. మన పిల్లలు కాలేజీ రోజుల్లో కబుర్లు చెప్పుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న ఆగిపోయింది. పరాయి చేనులో వేసిన పంట మీద మనకు హక్కు ఎంత?

అందుకే ఆ రోజులే బాగుండేవి అంటాం. నేనూ అంటాను. కానీ ఈమధ్య ఆ కార్డును వేరే ఫోనులో పెట్టి చూశాను. ఒక పాట మోగింది. ముందు పాడుతున్నది మా పెద్దమ్మ. ఆమె ఇప్పుడు లేదు. వంత పాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎవరో తెలియలేదు. ఫైలు పేరు చూస్తే 'రికార్డింగ్ 17'. రికార్డు చేసింది నేనే. ఆ ఫోను కంపెనీ పేరు గుర్తుంది, మోడల్ నంబరు గుర్తుంది. ఆ గొంతుల పేర్లు మాత్రం గుర్తులేవు. అప్పుడు సిగ్గనిపించింది. ఇన్నాళ్ళూ నేను ప్రేమించింది పాటనా, డబ్బానా?

మన డోలీల పడిగెను చూడండి. గుడ్డ మీద ఇలవేల్పుల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలు కొట్టి, అది ఎవరి కథో చెప్పి పాడే మనిషి లేకపోతే అది బొమ్మల గుడ్డే. సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ గొంతును మోసినందుకే.

పాత వస్తువు మీద బెంగ తప్పు కాదు. కానీ బెంగతో బాకీ తీరదు. పాట చేతులు మారడం మంచిదే, పాడినవారి పేరు కూడా దానితో నడవాలి. టీచర్లారా, పిల్లలు పెద్దల పాటలు రికార్డు చేసేటప్పుడు ముందు అనుమతి అడగమనండి. పేరు, ఊరు, తేదీ చెప్పించి తర్వాత పాట మొదలుపెట్టించండి. ఒక కాపీ బడిలో, ఇంకొకటి ఆ ఇంట్లో ఉంచండి.

కార్డు పట్టుకుని నేను మళ్ళీ ఊళ్ళు తిరిగాను. ఒక ముసలమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది నేనే కదరా!" అంది. ఆమె పేరు రాసుకున్నాను. రెండో గొంతు ఎవరిదో ఆమెకూ గుర్తు రాలేదు. ఇంకా అడుగుతూనే ఉన్నాను.